అర్హత లేకుండా అందిన దీవెనతో ఏం చేయాలి: ఒక నోటు పుస్తకం, ఏడు మెట్లు

ఆదివారం ఆరాధన ముగిశాక గుడి మెట్ల దగ్గర నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి ఒకే సంగతి అడిగేవారు ఏడాది పొడవునా ఉంటారు. ఒకరికి తనకంటే బాగా చదివినవాళ్లను కాదని ఉద్యోగం వచ్చింది. ఒకరి తండ్రి కొల్లూరులో ఎప్పుడో చవకగా కొన్న స్థలం, అవుటర్ రింగు రోడ్డు పుణ్యమా అని, ఆయన జీవితమంతా తెచ్చిన జీతాన్ని మించిపోయింది. ఒకరి భర్త వైద్యులు ఆశ వదులుకున్న తరువాత నిమ్స్ నుండి తన కాళ్లతో నడిచి ఇంటికి వచ్చాడు. "అన్నా, ఇది నా అర్హత కాదని నాకు తెలుసు. ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడుగుతారు. "ప్రార్థన చేయండి" అని చెప్పి పంపడం సులభమే గాని, వారు అడుగుతున్నది సోమవారం పొద్దున ఏం చేయాలన్నది. అందుకే ఇన్నేళ్లుగా నోటితో చెబుతున్నదాన్ని ఒకచోట రాస్తున్నాను.

సిద్ధాంతం కొద్దిగానే చెబుతాను. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులకు ముందుగానే హెచ్చరిక చేశాడు: మీరు కట్టని పట్టణాలు, మీరు తవ్వని బావులు, మీరు నాటని ద్రాక్షతోటలు మీ చేతికి వస్తాయి, తిని తృప్తి పొందిన రోజున ఇచ్చినవానిని మరచిపోకుండా జాగ్రత్తపడండి అని. మన హైదరాబాదు నగరంలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచెత్తిన తరువాత, మళ్లీ అలాంటిది రాకూడదని 1920లో గండిపేట చెరువును, 1927లో హిమాయత్ సాగర్‌ను కట్టి పూర్తి చేశారు. ఆ నీళ్లు తాగి పెరిగిన మనలో ఎవరూ అక్కడ ఒక్క తట్ట మన్ను మోయలేదు. దీవెనను జీతమనుకునేవాడు గర్విస్తాడు, అప్పనుకునేవాడు భయపడతాడు. ఈ రెండూ కాని దారి ఒకటుందని చూపడమే కింది మెట్ల పని.

కావలసినవి

- వంద పేజీల నోటు పుస్తకం ఒకటి. ఫోనులో రాసుకుంటే ఫోను మారినప్పుడు పోతుంది, కాగితమే మేలు.
- మీరు రోజూ చదువుకునే బైబిలు.
- గత ఆరు నెలల బ్యాంకు లెక్క. దీవెన డబ్బు రూపంలో రాకపోయినా ఇది కావాలి, ఎందుకో ఐదవ మెట్టులో తెలుస్తుంది.
- మీ ముఖం మీద నిజం చెప్పగల మనిషి ఒకరు. పాస్టరుగారే కానక్కరలేదు, మీ పొగడ్త మీద గాని మీ కానుక మీద గాని ఆధారపడనివారైతే చాలు.
- వివాహితులైతే భార్య లేక భర్త తప్పనిసరిగా పక్కన ఉండాలి.

అక్కరలేనివి కూడా చెప్పాలి: షామియానా, ఫ్లెక్సీ, మూడు వందల మందికి బిర్యానీ. కృతజ్ఞత కూటం పెట్టుకోవడం తప్పు కాదు, కాని చాలామంది దానితోనే మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. దీవెన అందిన మొదటి ముప్పై రోజుల్లో ఏ మొక్కుబడీ చేయకండి, ఎవరికీ పెద్ద మొత్తం మాట ఇవ్వకండి. సంతోషం పొంగినప్పుడు నోరు చేతి కంటే ముందు పరుగెత్తుతుంది. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి ఐదవ అధ్యాయం చెబుతుంది, తొందరపడి మొక్కుకున్న యెఫ్తా తన ఒక్కగానొక్క కూతురినే పోగొట్టుకున్నాడని న్యాయాధిపతుల గ్రంథంలో చదివే ఉంటారు. ఆ ముప్పై రోజులూ మొదటి రెండు మెట్లకు సరిపోతాయి.

1. మూడు గళ్లు గీసి, వచ్చినది ఎలా వచ్చిందో రాయండి

నోటు పుస్తకంలో ఒక పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో మీరు నిజంగా పడిన కష్టం, రెండవ గడిలో ఇతరుల చేతులు, మూడవ గడిలో ఏ లెక్కకూ అందనిది రాయాలి. ఉదాహరణకు ఉద్యోగం వచ్చినవారు మొదటి గడిలో అమీర్‌పేటలో కోచింగుకు తిరిగిన తొమ్మిది నెలలను రాస్తారు. రెండవ గడిలో ఆ తొమ్మిది నెలలూ హాస్టలు ఫీజు కట్టిన అన్నను, తొలి అక్షరాలు దిద్దించిన మిషను పాఠశాల టీచరమ్మను, తన చీటీ పాట సొమ్ము ఇచ్చిన పక్కింటి ఆంటీని రాస్తారు. మూడవ గడిలో, ఇంటర్వ్యూ రోజున తమకు తెలిసిన ప్రశ్నే అడగడం లాంటివి వస్తాయి.

రెండవ గడి నిండకుండా పేజీ తిప్పకండి. కనీసం ఏడు పేర్లు రావాలని నేను పట్టుబడతాను. నాలుగు రాశాక చాలామంది ఆగిపోతారు, అప్పుడు తాతల తరానికి వెళ్లమంటాను. మన సంఘాల్లో చాలా కుటుంబాల చదువు ఎక్కడో ఒక పల్లె బడి దగ్గర, ఒక మిషను ఆసుపత్రి వరండాలో మొదలైంది. మెదక్ చర్చిని చూడటానికి వెళ్లినవారు దాని ఎత్తు చూసి వస్తారు గాని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ కట్టడం కరువు కాలంలో ఆకలితో ఉన్న కూలీలకు పనిగా, తిండిగా మొదలైందన్నది గుర్తుచేసుకొనేవారు తక్కువ. ఆ రాళ్లు మోసినవారిలో మీ ముత్తాత ఉన్నాడేమో ఇంట్లో పెద్దవారిని అడగండి.

ఇక్కడ జరిగే పొరపాటు రెండు రకాలు. కొందరు మొదటి గడిని నింపి మిగిలినవి ఖాళీగా వదిలేస్తారు. ఇంకొందరు, ముఖ్యంగా భక్తిగల కుటుంబాల్లో పెరిగినవారు, మొదటి గడిలో ఏమీ రాయరు, "నాదేమీ లేదు, అంతా కృపే" అంటారు. వినడానికి బాగుంటుంది గాని అది నిజం కాదు, నిజం కాని వినయం మూడు నెలలకు మించి నిలవదు. రాత్రులు మేల్కొని చదివితే ఆ సంగతి రాయండి. ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయం ఐశ్వర్యం సంపాదించే సామర్థ్యం దేవుడిచ్చాడని అంటుందే తప్ప, మీరు సంపాదించనే లేదని అనదు. రాసిన తరువాత, మేల్కొనగలిగిన ఆరోగ్యం ఏ గడిలోకి వస్తుందో ఆలోచించి, అవసరమైతే బాణం గీయండి.

2. అది దీవెనేనా, లేక ఎవరి వాటా అయినా మీ దగ్గరికి వచ్చిందా చూసుకోండి

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. ఎవరికో చెందవలసినది మన చేతికి వచ్చినప్పుడు దానికి కృతజ్ఞతార్పణ చెల్లించినంత మాత్రాన అది దీవెన అయిపోదు.

ఆస్తి విషయం ముందుగా చూడండి. క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం, వీలునామా రాయకుండా తండ్రి మరణిస్తే, భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది పిల్లలకు సమానంగా వస్తుంది. అందులో కొడుకని, కూతురని తేడా లేదు. కట్నం ఇచ్చి పంపాము గనుక అక్కచెల్లెళ్లకు వాటా లేదనేది మన ఇళ్లలో నడిచే మాటే తప్ప చట్టం మాట కాదు. బైబిలు మాట అంతకన్నా కాదు: సెలోపెహాదు కుమార్తెలు వచ్చి వాటా అడిగినప్పుడు వారు అడిగింది న్యాయమేనని దేవుడే మోషేతో అన్నట్టు సంఖ్యాకాండము ఇరవై ఏడవ అధ్యాయంలో ఉంది. పెళ్లయిన చెల్లెలిని పండుగకు పిలిచి, భోజనం పెట్టి, చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకొని, మరుసటి ఆదివారం "దేవుడు మాకు ఇల్లు ఇచ్చాడు" అని సాక్ష్యం చెప్పేవారిని నేను చూశాను.

నా సంగతి కూడా చెప్పాలి. మా మేనత్త ఉపాధ్యాయినిగా పనిచేసి, పెళ్లి చేసుకోకుండా, వాయిదాల మీద శంకర్‌పల్లి దారిలో రెండు వందల గజాల స్థలం కొన్నది. వీలునామాలో నా పేరు రాసింది. చట్టప్రకారం ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. కాని ఆమె మంచం పట్టిన పద్నాలుగు నెలలూ స్నానం చేయించి, మందులు వేసింది నా చెల్లెలు. నేను ఈ మూడు గళ్ల పేజీ రాసినప్పుడు రెండవ గడిలో చెల్లెలి పేరు మూడుసార్లు వచ్చింది. అయినా సగం ఆమె పేరున రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆ రెండేళ్లలో నేను చేసిన కృతజ్ఞతా ప్రార్థనలన్నీ ఎంత పొడుగ్గా ఉండేవో ఇప్పుడు తలచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది.

తనిఖీ చేసే పద్ధతి సులువైనదే. "ఈ సంగతి తెలిస్తే ఎవరి ముఖం మాడుతుంది?" అని పేజీ కింద రాసి, తోచిన పేర్లు రాయండి. అసూయతో మాడేవారిని పక్కన పెట్టండి. న్యాయంగా నొచ్చుకునే పేరు ఒక్కటి ఉన్నా, ముందు వారి దగ్గరకు వెళ్లండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా తన బల్ల దగ్గర కూర్చున్న ప్రభువుకు పాట పాడలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. సందేహం తేలకపోతే, ఇంతకుముందు చెప్పిన నిజం చెప్పే మనిషికి పేజీ చూపించి, ఆయన చెప్పినది నచ్చకపోయినా వారం పాటు మనసులో ఉంచుకోండి.

3. మనుషులకు కృతజ్ఞత చెప్పండి, వెళ్లి చెప్పండి

యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగి వచ్చాడు, అయినా మిగిలిన తొమ్మిదిమంది అవిధేయులు కారు. యాజకుల దగ్గరకు వెళ్లమని యేసు చెప్పాడు, వారు అటే వెళుతున్నారు. చెప్పిన పని చేయడం, వెనక్కి తిరిగి రావడం రెండు వేరు పనులని అక్కడే తెలుస్తుంది. తిరిగి వచ్చినవాడు యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు, అంటే ఆ కృప తన హక్కని ఎన్నడూ అనుకోనివాడు.

కాబట్టి రెండవ గడిలోని పేర్లలో బ్రతికి ఉన్నవారందరి దగ్గరకు మూడు నెలల్లోగా వెళ్లండి. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పంపితే లెక్కకు రాదు. వెళ్లినప్పుడు "మీ వల్లే ఇదంతా" అని గుండుగుత్తగా అనకుండా, ఏ రోజున ఏం చేశారో చెప్పండి: "ఇంటర్ ఫీజుకు మీరిచ్చిన ఆరు వందలు" అంటే వారికీ గుర్తొస్తుంది. వారు దూరంగా ఉంటే చేతిరాతతో ఉత్తరం రాయండి. చనిపోయి ఉంటే వారి పిల్లలకు చెప్పండి. వారి తల్లిదండ్రుల గురించి తెలియని ఒక మంచి సంగతి మీ నోట వినడం ఆ పిల్లలకు ఎంత విలువైనదో మీరు ఊహించలేరు. సహాయం చేసినవారు క్రైస్తవులు కాకపోతే ఆ సందర్భాన్ని సువార్త ప్రసంగానికి వాడుకోకండి, కృతజ్ఞత చెప్పడానికి వెళ్లినప్పుడు అదొక్కటే చెప్పి రండి.

4. సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు

మా అబ్బాయికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన ఏడాది, ముఖం తెలియని నలుగురు వచ్చి ఇచ్చి వెళ్లారు, వాడు బ్రతికాడు. మరుసటి ఆదివారం నేను లేచి, మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించామని, దేవుడు మా మొర ఆలకించాడని, విశ్వాసంతో అడిగినవారిని ఆయన త్రోసివేయడని గట్టిగా చెప్పాను. అందరూ "ఆమేన్" అన్నారు. నా వెనుక రెండు వరుసల అవతల, అదే జ్వరంతో అదే నెలలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూర్చొని ఉంది. తరువాత కొన్ని వారాలు ఆమె రాలేదు. ఇంటికి వెళితే టీ ఇచ్చి, "మేమూ ఉపవాసం ఉన్నాం అన్నా" అన్నది. నాకు సమాధానం లేదు.

అప్పటినుండి సాక్ష్యం చెప్పబోయేవారికి ఈ క్రమం చెబుతున్నాను. మూడు నిమిషాలు మించకూడదు. మొదట జరిగినది చెప్పండి. తరువాత ఎవరెవరి చేతులు కలిశాయో పేర్లతో చెప్పండి, వైద్యులను, నర్సులను, రక్తదాతలను వదిలేసి దేవుణ్ణి ఘనపరచినట్టు అనుకోకండి. తరువాత "ఇది మాకెందుకు దొరికిందో మాకు తెలియదు" అనే వాక్యం తప్పక చెప్పండి. చివరగా దొరకనివారి కోసం ప్రార్థించమని అడిగి కూర్చోండి. "ఎందుకంటే" అనే మాట మీ నోట వచ్చిందంటే ఆగిపోండి. ఉపవాసం వల్లనో, దశమభాగం తప్పకుండా ఇచ్చినందువల్లనో, నలభై రోజుల ప్రార్థన వల్లనో అని కారణం చెప్పిన క్షణాన అది కృప కాకుండా కూలి అవుతుంది, పక్కవారి దుఃఖం వారి తప్పుగా మారుతుంది. దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు దేవుడు రక్షించగలడని అన్నాక, "రక్షించకపోయినా" అని కూడా అన్నారు.

రెండవ ప్రమాదం యూదా రాజు హిజ్కియా చేసినది. ఆయనకు మరణకరమైన రోగం తగ్గి పదిహేనేళ్ల ఆయుష్షు దొరికింది. ఆ సంగతి విని బబులోను నుండి మనుషులు వస్తే, తనను బ్రతికించినవాని గురించి చెప్పవలసిన చోట ఆయన తన ఖజానా తలుపులు తెరిచి వెండి బంగారాలు చూపించాడు. తాను పొందిన మేలుకు తగినట్టుగా ప్రవర్తించలేదని, గర్వించాడని రెండవ దినవృత్తాంతముల గ్రంథం నిర్మొహమాటంగా రాసింది. గృహప్రతిష్ఠకు వచ్చినవారికి ప్రార్థన పది నిమిషాలు, మాడ్యులర్ కిచెన్ నలభై నిమిషాలు చూపించేటప్పుడు ఈ రాజును గుర్తుచేసుకోండి.

మాట్లాడటం చేతకానివారు లేవనక్కరలేదు. పాస్టరుగారికి నాలుగు వాక్యాలు రాసిచ్చి చదవమంటే చాలు.

5. వాటాను ముందుగా తీసి పక్కన పెట్టండి

ద్వితీయోపదేశకాండము ఇరవై ఆరవ అధ్యాయం ఈ మెట్టుకు నమూనా. కొత్త పంటలో మొదటి ఫలాలను గంపలో పెట్టుకొని వెళ్లాలి, దిక్కులేని స్థితిలో తిరిగిన పితరుని కథ నోటితో చెప్పాలి, ఆపై దేవాలయ సేవ చేసే లేవీయులతో, ఊళ్లోని పరదేశులతో కలిసి సంతోషించాలి. గంప, కథ, భోజనం మూడూ ఉండాలి. మన కోత పండుగల్లో గంప మిగిలింది గాని, పరదేశికి వడ్డించే విస్తరి చాలా చోట్ల కనబడటం లేదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. జీతం నెలకు 12,000 రూపాయలు పెరిగిందనుకుందాం. మొదటి నెల పెరుగుదలను పూర్తిగా ప్రథమ ఫలంగా ఇచ్చి, తరువాత ప్రతినెలా అందులో పదవ వంతు, అంటే 1,200 రూపాయలు, జీతం పడిన మరుసటి రోజునే వేరే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. నెలాఖరున మిగిలినది ఇద్దామనుకుంటే ఏమీ మిగలదని మీ ఆరు నెలల బ్యాంకు లెక్కే చెబుతుంది. స్థలం అమ్మినవారు పన్నుకు, అప్పులకు పోవలసినది ముందు తీసివేసి, మిగిలినదాని మీద వాటా కట్టండి. ఖాతాలో చేరినదాన్ని సంఘానికి కొంత, సంఘం వెలుపలి అవసరానికి కొంత పంచండి. పదవ వంతే ఎందుకని వాదించేవారితో నేను వాదించను, ఎనిమిదైనా పదిహేనైనా అంకె ముందుగా కాగితం మీద పడటమే ముఖ్యం.

హెచ్చరికలు ఇక్కడ ఎక్కువ, ఒక్కొక్కటి చదవండి.

"విత్తనం" పేరుతో, ఇంత ఇస్తే అంతకు నూరంతలు వస్తుందని అడిగేచోట ఈ డబ్బు పెట్టకండి. ఉచితంగా వచ్చినదానికి కృతజ్ఞతగా ఇచ్చేది మళ్లీ రాబడి కోసమైతే అది వ్యాపారం. ప్రవక్త ఎలీషా కుష్ఠు నయమైన నయమాను దగ్గర ఏమీ తీసుకోకుండా పంపితే, ఆయన సేవకుడు గేహజీ వెనుకనే పరుగెత్తి వెండి, బట్టలు వసూలు చేసుకొని, నయమాను కుష్ఠును కూడా తెచ్చుకున్నాడు.

ముసలి తల్లిదండ్రుల మందుల ఖర్చు ఆపి కానుక వేయకండి. కొర్బాను, అంటే దేవునికి అర్పించినది, అని పేరు పెట్టి తల్లిదండ్రులకు ఎగ్గొట్టేవారిని యేసు ఎంత తీవ్రంగా మందలించాడో మార్కు ఏడవ అధ్యాయంలో ఉంది.

అప్పు చేసి ఇవ్వకండి. తీసుకునేవారిని వరుసగా నిలబెట్టి దుప్పటితో ఫోటో తీయకండి. ఇక ఆదాయపు పన్ను మినహాయింపు కోసమే ఇవ్వాలనుకుంటే, రెండు వేలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదని, కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపే లేదని తెలుసుకొని, ఆ తరువాత కూడా ఇవ్వాలనిపిస్తుందేమో చూసుకోండి. ఉద్దేశాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

డబ్బు లేనివారికి ప్రత్యామ్నాయం ఉంది. ఆరోగ్యం దీవెనగా అందినవారు ఆరోగ్యంతోనే ఇవ్వవచ్చు. పద్దెనిమిది నుండి అరవై ఐదేళ్ల లోపు ఆరోగ్యవంతులలో పురుషులు మూడు నెలలకు ఒకసారి, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. మీరే ఈమధ్య రక్తం ఎక్కించుకొని ఉంటే కొంతకాలం మీ రక్తం తీసుకోరు, అప్పుడు ఇంట్లో ఇంకొకరు ఇస్తారు. మా అబ్బాయికి పద్దెనిమిది నిండిన నెలలో వాడిని రక్తనిధికి తీసుకువెళ్లాను. అది కూడా వీలుకానివారు గాంధీ, ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల ఆవరణలో రోగుల వెంట వచ్చి నేలమీద కూర్చున్నవారిని చూడండి. ఏ కౌంటరుకు వెళ్లాలో, చీటీలో ఏముందో చదివి చెప్పే మనిషి వారికి అన్నం పొట్లం అంత అవసరం.

6. పొలం అంచులు వదిలిపెట్టండి

లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయం పొలం అంచులను కోయవద్దని, రాలిన పరిగెను ఏరుకోవద్దని, బీదలకు వదిలేయమని అంటుంది. వాటా ఇవ్వడం వేరు, అంచు వదలడం వేరు: వాటా మీరు చేతితో ఇస్తారు, అంచును వారు తమ చేతులతో కోసుకుంటారు, కాబట్టి వారి తల వంగదు.

మీ అంచు ఎక్కడుందో వెదకండి. మీ జీతం పెరిగిన నెలలోనే ఇంట్లో పనిచేసే అమ్మకు జీతం పెంచారా? అపార్టుమెంటు వాచ్‌మన్ పిల్లవాడి ఫీజు సంగతి అడిగారా? చుట్టుపక్కల రేట్లు పెరిగాయని, మీరు ఒక్క సున్నం కూడా వేయించకుండా అద్దె పెంచారా? కార్యాలయంలో మీకు ఎవరో నేర్పిన పనిని కింది ఉద్యోగికి నేర్పుతున్నారా, లేక మీ స్థానం పోతుందని దాచుకుంటున్నారా? ఆటోవాలాతో ఇరవై రూపాయల దగ్గర బేరం ఆపగలిగితే అదీ ఒక అంచే.

7. మరపుకు అడ్డం పెట్టండి

యొర్దాను నది దాటిన ఇశ్రాయేలీయులు నది మధ్య నుండి పన్నెండు రాళ్లు తెచ్చి నిలబెట్టారు, పిల్లలు "ఈ రాళ్లేమిటి" అని అడగాలని. మీరూ కంటికి కనిపించేది ఒకటి ఉంచుకోండి: పాత బస్సు పాసు, ఆసుపత్రి చీటీ, మొదటి అద్దె గది తాళం చెవి. యాకోబు రెండు గుంపులతో తిరిగి వస్తున్నప్పుడు కూడా, చేతికర్రతో మాత్రమే యొర్దాను దాటిన రోజును దేవుని ముందు గుర్తుచేసుకున్నాడు.

ఏడాదికి ఒక తేదీ పెట్టుకొని నోటు పుస్తకం తెరవండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ముందు కూర్చుంటే మంచిది. కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఉండే వాగ్దాన కార్డు తీయడానికి వరుసలో నిలబడేవారు చాలామంది, వచ్చిన వాక్యం నచ్చకపోతే మెల్లగా ఇంకొకటి తీసేవారిని కూడా చూశాను. రాబోయే ఏడాదికి వాగ్దానం తీసుకునే ముందు, గడచిన ఏడాదిలో నెరవేరినది చదువుకోవడానికి పావుగంట పడుతుంది.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

ఆరు నెలల తరువాత ఈ పరీక్షలు పెట్టుకోండి. మొదటిది మాటల పరీక్ష. దీవెన గురించి చెప్పేటప్పుడు మీ వాక్యాల్లో "నేను" ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టమని ఇంట్లోవారిని అడగండి, పిల్లలు ఈ పని ఉత్సాహంగా చేస్తారు. రెండవది నిద్ర పరీక్ష. ఇచ్చినది చాలలేదేమో, దేవుడు తిరిగి తీసుకుంటాడేమో అని మెలకువ వస్తుంటే మీరింకా దాన్ని అప్పుగానే చూస్తున్నారు. అలాంటప్పుడు ఇంకా ఎక్కువ ఇవ్వకండి, మొదటి మెట్టుకు వెళ్లి మూడవ గడిని మళ్లీ నింపండి.

మూడవది కఠినమైనది, చాలామంది ఇక్కడే తప్పుతారు, నేనూ తప్పాను. మీకంటే తక్కువ కష్టపడినవారికి మీ అంత దీవెన వచ్చినప్పుడు మీకేమనిపిస్తుంది? యేసు చెప్పిన ఉపమానంలో, ద్రాక్షతోటలో ఉదయం నుండి ఎండలో పనిచేసినవారికి ఒప్పుకున్న దేనారం, అంటే ఒక రోజు కూలి, దొరికింది, ఎవరూ మోసం చేయలేదు. గంటసేపు చేసినవారికీ అంతే ఇచ్చినప్పుడు ఉదయం నుండి చేసినవారు సణిగారు. నిన్నగాక మొన్న సంఘంలో చేరినవారి కూతురికి మెడికల్ సీటు వచ్చిందన్న కబురు విని మీ నోట మొదట వచ్చిన మాట ఏదో నోటు పుస్తకంలో రాసుకోండి. అందులో "అయినా" అనే పదం ఉంటే రెండవ మెట్టు నుండి మళ్లీ మొదలుపెట్టాలి.

నాలుగవ పరీక్ష మీరు పెట్టుకునేది కాదు, వస్తే వస్తుంది. యోనాతాను కొడుకు మెఫీబోషెతుకు దావీదు రాజు అతని తాత సౌలు భూములన్నీ తిరిగి ఇచ్చి, తన బల్ల దగ్గర చోటిచ్చాడు. తరువాత సేవకుడు సీబా చాడీలు చెప్పి ఆ భూములు కాజేశాడు, దావీదు చివరకు చెరిసగం పంచుకోమన్నాడు. తిరుగుబాటు అణిగి రాజు క్షేమంగా తిరిగి వచ్చాడు గనుక సీబానే అంతా తీసుకోనిమ్మని మెఫీబోషెతు అన్నాడు. ఉద్యోగం పోయినవారిని, జబ్బు తిరగబెట్టినవారిని ఈ మాట అనమని నేను ఎన్నడూ ఒత్తిడి చేయను, మీరూ చేయకండి. వారికి అప్పుడు కావలసింది ఐదవ మెట్టులో మీరు తీసిపెట్టిన ఖాతా.

ఎన్నేళ్లు ఇలా చేయాలని అడుగుతారు. ఇశ్రాయేలీయులు ఆ గంపను ప్రతి పంటకూ తీసుకువెళ్లారు. దీవెన పిల్లలకు చేరే రోజున, వారికి అది తాము తవ్వని బావి. అందుకని మా ఇనుప బీరువాలో శంకర్‌పల్లి స్థలం పత్రాల సంచిలోనే ఈ నోటు పుస్తకం పెట్టాను, చెల్లెలి సంగతి ఉన్న పేజీ చింపకుండా. మీరూ అలాగే పెట్టండి, వీలునామా రాసేటప్పుడు పుస్తకం ఎక్కడుందో కూడా అందులో రాయించండి.